ఇంకో ముక్క

వార్డు గుమ్మంలో ఒకాయన తచ్చాడుతున్నాడు. నలిగిన చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు, వేళ్ళకు ఊదారంగు మరక.

డ్రైవరు భార్య సంచి సర్దుతూనే ఓరకంట చూసింది. మొగుడి కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండులా ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపి, మాత్రలిచ్చారు. ఇక ఇంటికి పోదామని అతని గొడవ.

గుమ్మంలో ఉన్నాయన మెల్లగా మంచం దగ్గరికొచ్చాడు.

"మీవారికి ఇంకో ముక్క తీయించాలమ్మా. మొన్నటిది పైపైనే వచ్చింది. లోతుగా తీయాలి."

డ్రైవరు దిగ్గున లేచి కూచున్నాడు. "మళ్ళీ గొట్టమా? నావల్ల కాదే! లారీ టైరైనా మింగుతాగానీ అది మింగను."

"మీరుండండి," అని ఆమె ఆయనకేసి తిరిగింది. "ఎవరయ్యా నువ్వు?"

"కింద ల్యాబ్ నుంచి..."

"అనుకున్నా! పక్కమంచం ముసలాయన్ని కూడా ఇలాగే మాయచేసి బయటి ల్యాబుకి లాక్కుపోయారు. బ్రోకరువి కదూ?"

"అది కాదమ్మా. పెద్ద డాక్టరుగారు సెలవులో ఉన్నారని నేనే..."

"ఆయన లేని సమయం చూసుకుని వచ్చావన్నమాట! నడు, నడు. ఈ మనిషిని మళ్ళీ ఆ గొట్టంతో ఏడిపించనని మాటిచ్చాను."

చుట్టూ మంచాలవాళ్ళు నవ్వారు. ఆయన చెప్పులీడ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు.

మాత్రలతో నొప్పి తగ్గింది. ముక్క సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

వానలు పడేనాటికి డ్రైవరు స్టీరింగు తిప్పలేనంత చిక్కిపోయాడు. ఒక మధ్యాహ్నం నెత్తురు కక్కుకుని పడిపోయాడు.

ఈసారి గొట్టం వేస్తుంటే గొడవ చెయ్యలేదు. చెయ్యడానికి ఓపిక లేదు.

"లింఫోమా అమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు. "కడుపు గోడలో పుట్టే క్యాన్సర్. ఎముకల్లోకీ పాకింది. మందెక్కిస్తాం. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి."

"మొదట్లోనే తెలిసుంటే?"

"చాలామందికి మందులతోనే కరిగిపోతుంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "మరి అప్పుడా ముక్క చూసిన డాక్టరు కళ్ళెక్కడ పెట్టుకున్నాడు?"

"కింద గదిలోనే ఉంటారు. ఆయన్నే అడగండి."

మొగుడి చెయ్యి వదిలి, కొంగు బిగించి, మెట్లు దిగింది. కడిగిపారేద్దామని తలుపు తోసింది.

మైక్రోస్కోపు మీంచి తలెత్తిన డాక్టరు కాళ్ళకు రబ్బరు చెప్పులు, వేళ్ళకు ఊదారంగు మరక.