ఒంటి చెయ్యి కోటు

“ఎవడు కూశాడా మాట?” అంటూ దర్జీ మాస్టారు చేతిలో బొత్తాల డబ్బా ఠపీమని బల్ల మీద పెట్టాడు.

“ఎదురు కొట్టాయన. ‘ఇది దర్జీ పని కాదు, గోనెసంచులు కుట్టేవాడి పని’ అన్నాడు” అంది ఎస్సై.

మాస్టారికి డెబ్బై దాటాయి. మెడలో టేపు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. బల్ల మీద పరిచిన మట్టికొట్టుకుపోయిన కోటును ఆయన అంతవరకూ ముట్టుకోనైనా లేదు. ‘నాకు తెలీదమ్మా, తీసుకుపో’ అనేసి బొత్తాలు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఈ మాటకి మాత్రం లేచి నిలబడ్డాడు.

పొద్దుట్నించి ఎస్సైకి ఇది తొమ్మిదో కొట్టు. కాళ్ళు లాగేస్తున్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట నీళ్ళు లేని పాడుబావిలో దొరికిన శవం ఒంటి మీది కోటు అది. తల వెనక దెబ్బ. మనిషెవరో ఇప్పటికీ తెలియదు. సోమవారంలోగా పేరు దొరక్కపోతే ఆ ఎముకల పెట్టెను పూడ్చేసి ఫైలు మూసెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది. పేరు లేకుండా ఒక మనిషిని మట్టిలో పెట్టనని ఎస్సై పంతం పట్టింది.

“గోనెసంచా? వాడి తాత దిగొచ్చినా ఇలాంటి కాలరు తిప్పగలడా?” మాస్టారు కోటును దగ్గరికి లాక్కున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ ఊరుకోలేదు. “కోప్పడకండి మాస్టారూ. ఆ కుట్లు చూడండి, బెత్తెడేసి దూరం! మా రిపోర్టులో కూడా నాసిరకం కుట్టు అనే రాశారు.”

“మీ రిపోర్టు తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టండి. అది కచ్చా కుట్టయ్యా! ట్రయల్ కోసం వేస్తాం, అయ్యాక పీకేస్తాం. అసలు కుట్టు ఆ తరవాతే.”

ఎస్సై గబగబా నోట్‌బుక్ తెరిచింది. “మరి కోటుకి ఒక చెయ్యి లేదు కదా మాస్టారూ? పెనుగులాటలో ఊడిపోయిందనుకున్నారు. దానికోసం బావి రెండుసార్లు తవ్వించారు.”

“ఇంకో పదిసార్లు తవ్వుకోండి. మట్టొస్తుంది, చెయ్యి రాదు” మాస్టారు పకపకా నవ్వాడు. “ట్రయల్‌కి ఒక్క చెయ్యే తగిలిస్తాం తల్లీ. అది కుదిరాకే రెండోది.”

“కొట్టు పేరున్న పట్టీ కూడా లేదు.”

“అది అన్నిటికన్నా ఆఖర్న.”

ఎస్సైకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇంతమంది పోలీసులు చిరిగిన కోటు వాడి కోసం వెతికారు. కోటు చిరగనే లేదు. ఇంకా పూర్తి కాలేదంతే.

“అయితే ఇది కుట్టిందెవరంటారు?”

“ఎవరేంటమ్మా? కాలరు అడుగున చూడు, కుట్లు చీమలబారులా లేవూ? ఊరు మొత్తం మీద అలా వేసే చెయ్యి ఒక్కటే” అని తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

“గొప్పలకేం, కోటలు కట్టింది నేనేనని నేనూ చెప్తా. రుజువేది?” అన్నాడు హెడ్డు.

“రుజువు కావాలా నీకు? ఆ కత్తెర ఇటు అందుకో.”

ఎస్సై ఒక్క క్షణం తటపటాయించి, సరేనని తలూపింది. మాస్టారు ఛాతీ దగ్గర నాలుగు కుట్లు తెంపి, గుడ్డ మడిచి, లోపలి కాన్వాసు బయటికి తీశాడు.

“అందరూ కొలతలు పుస్తకంలో రాసుకుంటారు. నేను కోటు గుండెలోనే రాస్తా.”

కాన్వాసు మీద ఊదారంగు పెన్సిలు గీతలు. పైన పేరు, కింద కొలతలు. ఎస్సై ఆ పేరు రెండుసార్లు చదివింది. హెడ్డు వైపు తిరిగింది.

“బాబాయ్, ఇది ఆ రోజుల్లో కనబడకుండా పోయిన గడియారాల కొట్టాయన పేరు!”

హెడ్డు నోరు తెరిచాడు. “ఆయనెలా అవుతాడు మేడం? ‘మా అన్నకి కోటే లేదు’ అని ఆయన చెల్లెలు రాసిచ్చింది. అందుకేగా ఈ శవం ఆయనది కాదనుకున్నాం!”

“తన పెళ్ళికని కుట్టించుకున్నాడు. ఆ రోజు వేసుకుని అందరూ నోరెళ్ళబెట్టేలా చెయ్యాలని ముందుగా ఇంట్లో చెప్పలేదు” అన్నాడు మాస్టారు.

ఎస్సై కళ్ళు తుడుచుకుంది. “ఆ చెల్లెలు ఇప్పటికీ నెలకోసారి స్టేషనుకొచ్చి వెళ్తుంది మాస్టారూ. ఇవాళ నేనే వాళ్ళింటికి వెళ్తా. ఇంతమందిమి చెయ్యలేని పని మీ ఒక్కరి చెయ్యి చేసింది.”

మాస్టారు ఛాతీ రెండంగుళాలు పొంగింది. “మరేమనుకున్నావు! నలభై ఎనిమిదేళ్ళ సర్వీసు. బాగాలేదని ఒక్క కోటు వెనక్కి రాలేదు. ట్రయల్ కోటు ఒక్కటంటే ఒక్కటి ఈ గడప దాటలేదు. ఇంట్లో చూపించి తెస్తానని కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వను. ఎంతటివాడైనా ఇక్కడే తొడుక్కోవాలి, ఇక్కడే విప్పాలి.”

ఎస్సై పెన్ను ఆగిపోయింది. హెడ్డు మెల్లగా గుమ్మానికి అడ్డం జరిగాడు.

“మరి ఈ కోటు గడపెలా దాటింది మాస్టారూ?”

 మాస్టారు తల దించలేదు. బొటనవేలితో కోటు భుజాన్ని అటునుంచి ఇటు ఆప్యాయంగా ఒక్కసారి సాపు చేశాడు.

“అద్దంలో చూసుకుని ‘భుజం వంకరొచ్చింది మాస్టారూ’ అన్నాడు తల్లీ. అప్పుడు నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. నువ్వే చూసి చెప్పు, ఎక్కడుంది వంకర?”