దశాంశాలతో సహా

ఫ్లష్ నీళ్లు కంపు కొడుతున్నాయని ఫిర్యాదు వస్తే, ఇంజినీరు ప్రణవి ఫిల్మ్‌నగర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగింది. మురుగునీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకు పంపే ప్లాంటు వైపైనా చూడకుండా లాప్‌టాప్ తెరిచింది.

"ఫిల్టర్ పొరలు చినిగినయ్ మేడం. పంపు గూడ బందయ్యింది," అన్నాడు ఆపరేటర్ ఎల్లయ్య.

"నాకే చెబుతున్నావా? నేను కంప్యూటర్లో కట్టిన నమూనా ప్లాంటు లెక్కలూ, నీ రిజిస్టర్లో అంకెలూ ఏడాదిగా దశాంశాలతో సహా కలుస్తున్నాయి. పంపూ, ఫిల్టరూ భేషుగ్గా ఉన్నాయి!"

ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకునే, అంతా బాగుందని సంతకం చేసింది.

ఎల్లయ్య రిజిస్టర్ కింది నుంచి కాగితాల కట్ట తీశాడు. నిరుడు ఆమె కంప్యూటరే ముందుగా అచ్చేసి ఇచ్చిన ఈ ఏడాది రోజువారీ లెక్కలవి.

"కలవకెట్లుంటయ్ మేడం? మీటర్లు ఖరాబై ఏడాదాయె. గివి జూసే రోజూ రిజిస్టర్ల ఎక్కిస్తున్న."