వెనక సీటు మూల

కారులో ఎవరెక్కడ కూర్చోవాలన్నది సామ్రాజ్యాలను కూల్చగల ప్రశ్న. మా అన్నదమ్ముల సామ్రాజ్యం సరిగ్గా దానిమీదే కూలింది. నేను యథాప్రకారం వెనక సీటు మూలను సింహాసనంగా అధిష్ఠించగా, అన్నయ్య అద్దంలోంచి చూసి, "నేనేమన్నా నీ డ్రైవర్నట్రా? ముందుకొచ్చి ఏడు!" అన్నాడు. నేను నడిరోడ్డు మీదే దిగిపోయాను. తొమ్మిదేళ్లు మా మధ్య మాటల్లేవు; కారు కూడా షెడ్డు దాటలేదు. అన్నయ్య చనిపోయిన నెలకు వదిన కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

చీకటి పడ్డాక, దుకాణం కట్టేసి వచ్చిన మెకానిక్ కొత్త బ్యాటరీ పెట్టాడు. ఇంజను దగ్గి దగ్గి ఊపిరి అందుకుంది. స్టీరింగు ముందు కూర్చుని, అద్దాన్ని వెనక కిటికీ వైపు సర్దాను. అది మెల్లగా వాలి, వెనక సీట్లో నా మూలను చూపించింది. మళ్లీ సర్దాను. మళ్లీ అక్కడికే వాలింది. మూడోసారి నాకు చెయ్యి రాలేదు.

"ముందు సీట్లోనే ఉన్నానన్నయ్యా," అన్నాను.

కిర్రుమంటూ అద్దం నా వైపు తిరిగింది.

తొమ్మిదేళ్లుగా మింగిన మాట గొంతులోకి వచ్చింది. "ఆ రోజు తప్పు..."

"స్క్రూ వదులైంది సార్," అంటూ మెకానిక్ కిటికీలోంచి చెయ్యి దూర్చి బిగించేశాడు. "ఇంక కదలదు."