పెరట్లో ప్లాస్టిక్ పచ్చిక

“ఈ మూల నేల గూనుగా ఉంది” అన్నాడు పెద్దాయన.

మేస్త్రి రసమట్టం తెచ్చి పెట్టాడు. బుడగ బుద్ధిగా మధ్యలోనే నిలబడింది. పెద్దాయన దాని వంక కూడా చూడలేదు. నేలమీద బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి, ఒక కన్ను మూశాడు.

“చెంబెడు నీళ్ళు పొయ్యవయ్యా, నీకే తెలుస్తుంది.”

మేస్త్రి పోశాడు. నీళ్ళు కాస్త దూరం పోయి, రెండు పాయలుగా చీలి, అటొకటి ఇటొకటి దారి పట్టాయి.

మేస్త్రి నోరెళ్ళబెట్టాడు. ఇళ్ళ పెరళ్ళలో గోల్ఫ్ బంతి కొట్టుకోవడానికి ప్లాస్టిక్ గడ్డి పరచడం అతని పని. ఏడేళ్ళుగా పరుస్తున్నాడు. పని చేయించుకున్నవాళ్ళు రంగు చూసేవాళ్ళు, జెండా చూసేవాళ్ళు. నేల చూసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

ఫోన్లో మాట్లాడినప్పుడే అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. “ముప్పై ఆరేళ్ళు గోల్ఫ్ మైదానంలోనే గడిచిపోయాయి నాయనా. తప్పు చేస్తే నాకు తెలిసిపోతుంది, జాగ్రత్తగా చెయ్యి” అన్నాడు పెద్దాయన. ముప్పై ఆరేళ్ళు! అంటే ఛాంపియనే. సందేహం లేదు.

మేస్త్రికి అప్పుడు కావలసింది సరిగ్గా అదే. పక్కవీధిలో కొత్తగా గడ్డి దుకాణం తెరిచినవాడు, ఎవరో ఆటగాడు తన గడ్డిమీద బంతి కొడుతున్న ఫోటో గోడంత చేయించి పెట్టాడు. అప్పట్నించి వచ్చేవాళ్ళంతా అటే. మేస్త్రి తన కొట్లో ఈగలు తోలుకుంటున్నాడు. అలాంటి ఫోటో తనకీ ఒక్కటి దొరికితే కొట్టు నిలబడుతుంది. లేదా వచ్చే నెల షట్టరు దించెయ్యాల్సిందే.

ఇల్లు మాత్రం చిన్నది. రెండు గదులు, ఓ వంటిల్లు, వెనక పెరడు. ఎంత పెద్ద ఆటగాడు, ఎంత సాదా బతుకు అనుకున్నాడు మేస్త్రి. గోడమీద గోల్ఫ్ క్లబ్బు ఫోటో వేలాడుతోంది. నడుమ వెండి కప్పు, దాని చుట్టూ నవ్వు మొహాలు. పెద్దాయన ఎక్కడో చివరన ఉన్నాడు. సగం భుజం ఫ్రేములోకే రాలేదు. ఎంత అణకువ!

రెండోరోజు రాతిపొడి పోసి దిమ్మిసతో కొట్టించాడు. పెద్దాయన పక్కనే నిలబడి “ఇంకా... ఇంకా” అంటూనే ఉన్నాడు. చివరికి తనే వచ్చి దిమ్మిస అందుకున్నాడు. ఆ చేతుల్నిండా కాయలు. గోల్ఫ్ కర్ర పట్టి పట్టి కాసినవి కాబోలనుకుని మేస్త్రి మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పెద్దాయన భార్య టీ తెచ్చినప్పుడు మేస్త్రి ఇక ఆగలేకపోయాడు.

“అమ్మా, సారు మైదానానికి రోజూ వెళ్ళేవారా?”

“రోజూనా అని అడుగుతావేంటి నాయనా! నాలుగింటికల్లా లేచి పోయేవారు. వాన లేదు, చలి లేదు. కూతురి పెళ్ళిరోజు కూడా ముందు అక్కడికి పోయి వచ్చాకే పీటలమీద కూర్చున్నారు. ఆ మైదానమే నాకు సవతి.”

“అబ్బ! అంత దీక్షా!”

“మరేమనుకున్నావ్? ఈయన చూసి సరేనంటే గానీ అక్కడ పోటీ మొదలయ్యేది కాదు. మానేసిన రోజున క్లబ్బు ప్రెసిడెంటుగారే కారులో తెచ్చి గుమ్మంలో దింపారు.”

మేస్త్రికి ఒళ్ళు పులకరించింది. ఆ రాత్రి కొట్లో గోడ కొలుచుకున్నాడు. పాత కేలండరు, బల్లుల మందు ప్రకటన పీకేశాడు.

మూడోరోజు గడ్డి పరిచాడు. పెద్దాయన చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దానిమీద నడిచాడు. ఒకచోట ఆగాడు.

“అతుకు ఇక్కడే కదూ?”

నిజమే. అతికించింది మేస్త్రే. తనకే కనిపించనంత బాగా అతికించానని మురిసిపోయాడు కూడా. విప్పి మళ్ళీ అతికించాడు. ఇసుక చల్లి, బ్రష్షు కొట్టి, గుంట కోసి, జెండా పాతాడు. సాయంత్రం గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొట్లో ఉన్న మంచి కర్ర ఒకటి తుడిచి పట్టుకొచ్చాడు.

పెద్దాయన గడ్డి మొత్తం తిరిగాడు. వంగి అరచేత్తో ముందుకోసారి, వెనక్కోసారి నిమిరాడు.

“బాగుంది” అన్నాడు పెద్దాయన.

ఆ ఒక్క మాటకే మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. ఏడేళ్ళలో తన పనిని అంత చూసి, అంత తడిమి ఆ మాట అన్నవాళ్ళు లేరు.

“అయితే సార్, మొదటి బంతి మీరే కొట్టాలి. ఒక్క ఫోటో తీసుకుంటాను, కాదనకండి” అంటూ కర్ర అందించి, ఫోను తీసి సిద్ధంగా నిలబడ్డాడు.

పెద్దాయన కర్ర అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, గోడకి ఆనించాడు. లోపలికి వెళ్ళి ఓ మడత కుర్చీ ఈడ్చుకొచ్చాడు. గడ్డి అంచున వేసుకుని, అందులో కూలబడి, రెండు కాళ్ళూ గడ్డిమీదకి చాపి, హాయిగా ఓ నిట్టూర్పు విడిచాడు.

“అదేంటి సార్, ఆడరా?” మేస్త్రి చేతిలో ఫోను ఇంకా ఎత్తే ఉంది.

“నాకు ఆటెక్కడ వచ్చు నాయనా, ముప్పై ఆరేళ్ళు రోజూ ఆ మైదానంలో గడ్డి కోసినవాణ్ణి... తెల్లారేసరికి మళ్ళీ పెరగని గడ్డి ముందు ఒక్కసారైనా ఇలా కూర్చోవాలని వేయించుకున్నాను!”