గ్యాసు బండి మాకొద్దు

"అది బస్సు కాదు, బాంబు!" అని అరిచాడు వీరన్న. "పైన గ్యాసు, కింద మనం. ఎవడన్న ఎక్కుతడా?"

"ఎక్కం!" అంది తండా మొత్తం.

బస్సుల ఆఫీసు నుంచి వచ్చిన నాగలత చేతిలోని బస్సు బొమ్మని మళ్ళీ పైకెత్తి చూపించింది. పాపం, పొద్దుటి నుంచి గొంతు చించుకుని చెబుతోంది. హైడ్రోజన్ బస్సుకి పొగ ఉండదనీ, గొట్టంలోంచి వచ్చేది నీటి ఆవిరేననీ, చండ్రుగొండ మీదుగా కొత్తగూడెం దాకా రోజూ తిరుగుతుందనీ. టికెట్ మాత్రం మామూలు బస్సు కన్నా కాస్త ఎక్కువ. దానికి తండా ఒప్పుకుంటేనే బస్సు ఇటు వేస్తారు. లేదంటే అది పర్ణశాల దారి పడుతుంది.

టికెట్ ఎక్కువ అనగానే రామ్‌సింగ్ తాత లేచాడు. "పైసలిచ్చి మరీ సావాల్నా మేము?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఈ తండాకి ఏ బస్సూ రాదు. ఉన్నదల్లా వీరన్న ఆటో. దానికి బస్సు టికెట్‌కి రెండింతలు నోరు మూసుకుని ఇస్తారు. ఆ సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

వీరన్న మాటకి తండాలో తిరుగులేదు. ఆ నమ్మకం ఊరికే రాలేదు మరి. పోయిన నెల ఇంటింటికీ గ్యాసు సిలిండర్లు వచ్చాయి. కొత్త వస్తువు ఇంటికొచ్చిందని ఆడవాళ్ళు వాటికి పసుపు బొట్లు పెట్టారు. వాళ్ళలో పూలి అయితే తన పాత రవికలోని అద్దం బిళ్ల ఊడదీసి తన సిలిండర్‌కి అంటించింది కూడా. అప్పుడొచ్చాడు వీరన్న. "పేలిందంటే పిల్లాజెల్లా బుగ్గయితరు!" అన్నాడు. తండా హడలిపోయింది. అడవిలో కట్టెలుండగా ఈ పీడ మనకెందుకనుకున్నారు. తిరిగి అప్పజెప్పి వస్తానని వీరన్నే వాటిని ఆటోలో తీసుకుపోయాడు. కిరాయి కూడా అడగలేదు.

ఈ మధ్య తన ఆటోలో ఎవర్నీ బీడీ కూడా ముట్టించనివ్వడం లేదు. అంత జాగ్రత్త మనిషి!

అలాంటి వీరన్న ఎదుట పూలి ఒక్కతే చెయ్యెత్తింది.

"నేనిస్త మేడం. ఎక్కువైనా ఇస్త. మా ఉషారాణికి కొత్తగూడెం కాలేజీల సీటొచ్చింది. రోజూ ఆటో కిరాయి నాతోటి కాదు. బస్సు రాకుంటే పిల్ల సదువు ఆగిపోతది."

"బిడ్డను బాంబు మీద కూసోబెడ్తవా?" అన్నాడు వీరన్న. "నువ్వు తల్లివేనా?"

ఇంకేముంది, తండా అంతా పూలి మీద పడింది. నీ ఒక్కదాని కోసం మేమంతా చావాలా అన్నారు. పక్కింటి దేవ్లా భార్య మొహం మీదే ఛీ అంది. ఉషారాణి తన తల్లి కొంగు పట్టుకుని లాగింది.

"ఊకో యాడీ. పోదాం పా."

పూలి చెయ్యి దించేసింది. నాగలత జీపెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు అంగడి. వీరన్న ఆటోలో కాలు పెట్టే సందు లేదు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. పూలి, ఉషారాణి వెనక సీట్లో ఇరుక్కున్నారు. వాళ్ళు పోతున్నది అంగడికి కాదు, కాలేజీలో పేరు తీయించుకోవడానికి. ఉషారాణి దారంతా తల ఎత్తలేదు.

రామ్‌సింగ్ తాత అలవాటు చొప్పున బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల తీశాడు. వీరన్న బండాపి మరీ ఆ పుల్ల లాక్కుని బయటికి విసిరేశాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె తాతా? బండిల పిల్లలున్నరు!"

"సూసినవా, పిల్లలంటే ఎంత పాణమో!" అంది దేవ్లా భార్య, పూలిని గుర్రుగా చూస్తూ.

నిజమేనేమో, నేనే తప్పుగా ఆలోచించానేమో అనుకుంది పూలి.

వాగు దాటి గడ్డ ఎక్కుతుండగా ఆటో దగ్గి దగ్గి ఆగిపోయింది.

"అందరు దిగుండ్రి. జర ముందటికి నడువుండ్రి, జల్దీ!" అని తొందరపెట్టాడు వీరన్న.

అందరూ దిగి నడిచారు. నాలుగడుగులు వేశాక పూలి చూసుకుంది, ఒక కాలికి చెప్పు లేదు. ఆటోలోనే ఉండిపోయింది. దానికోసం వెనక్కి వచ్చింది. వీరన్న వెనక సీటు పైకెత్తి, వంగి, ఏదో పైపు కదిలిస్తున్నాడు.

ఇంతసేపూ తనూ బిడ్డా కూర్చుని వచ్చిన సీటు కింద, ఆ పైపు తగిలించిన ఎర్ర సిలిండర్ మీద, పూలి రవికలోని అద్దం బిళ్ల ఎండకి తళుక్కుమంది.