ఎలుగుబంటి గుమ్మం దాకా బాట

వానలు తగ్గాక, నిలువెత్తు పెరిగిన గడ్డిని తొక్కి సంతకు బాట తీయడం ఆ అడవిలో అందరి పని. ముందు ఎవరు నడిస్తే, మిగతావాళ్లు వాళ్ల అడుగుల్లోనే నడుస్తారు. ఆ ఏడు ముందు నడుస్తానని తేనె వ్యాపారి ఎలుగుబంటి బయల్దేరాడు.

"బాట పడితే వ్యాపారం, వ్యాపారం సాగితే అందరికీ తిండి! ప్రగతి కోసం కదలండి!" అని అరిచాడు.

ఏదుపంది ముళ్లక్క ఆ మాట నమ్మింది. దారి సరిగా లేక ఆమె తవ్విన దుంపలు సంతకు చేరేలోపే కుళ్లిపోతున్నాయి మరి. పాదాలు పగిలేలా మూడు రోజులు తొక్కింది. తీరా తలెత్తి చూస్తే, బాట ఎలుగుబంటి గుహ ముందు ఆగి ఉంది.

"మరి సంతో?" అంది ముళ్లక్క.

"ఇక సంత నా గుమ్మంలోనే అక్కా. మీ దుంపలన్నీ నేనే కొంటా, ధర నేనే చెబుతా. నేను ఎదిగితే మీరంతా ఎదిగినట్టే!"

ముళ్లక్కకు ఒళ్లు మండింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. "తొక్కింది మా కాళ్లు, బాగుపడేది నీ గుమ్మమా?" అంటూ వెనక్కి తిరిగి, సంత వైపు గడ్డిలోకి దిగింది. కుందేళ్లు, అడవికోళ్లు ఆమె అడుగుల్లోనే నడిచాయి.

నెల తిరిగేసరికి, ఎవరి కాళ్లూ పడక ఎలుగుబంటి బాటను గడ్డి మూసేసింది. ఆ గడ్డి లోపల్నుంచి ఎలుగుబంటి కేక సంత దాకా వినబడింది: "ఎవరైనా వచ్చి కాస్త తొక్కండర్రా!"

సంతలో దుంపలు పరుస్తూ ముళ్లక్క గొంతెత్తింది: "ప్రగతి నీదేగా బాబాయ్, నువ్వే తొక్కుకో!"