గొట్టం చెప్పిన తీర్పు

దగ్గరకు జరగండి. ఇంకాస్త. ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు, మా కోడలివి పాము చెవులు.

ఆ రోజు మా మనవరాలి పుట్టినరోజు. కోడలు పొద్దున్నుంచీ నడుం విరిగేలా కష్టపడి కేకు చేసింది. పైన తెల్లటి క్రీము, క్రీము మీద ఎర్రగా ఒకే ఒక్క చెర్రీ. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కేకుకి ఒక పక్క లేదు. చెర్రీ లేదు. బల్ల కింద మాత్రం బస్తా ఉంది.

బస్తా అంటే మా కుక్క. ఎక్కడ పడేస్తే అక్కడే ఉంటుంది, అందుకే ఆ పేరు.

"అయిపోయింది!" అని అరిచింది కోడలు. "ఇంకొక్కసారి వంటింట్లో మూతి పెడితే మా అన్నయ్య గోదాముకి కాపలాగా పంపేస్తానని చెప్పానా లేదా? సాయంత్రం అన్నయ్య వస్తాడు. బండెక్కించేస్తా."

మనవరాలు బస్తా మెడ కావలించుకుని గొల్లుమంది. "నా పుట్టినరోజు నాడే నా కుక్కని పంపేస్తారా? నానమ్మా, నువ్వైనా చెప్పు!"

నేను ఓ మూల కూర్చుని చక్కెర లేని టీ తాగుతున్నాను. ఆ పిల్ల ఏడుపు చూసి నా ప్రాణం ఉసూరుమంది. గ్లాసు పక్కన పెట్టాను.

"అమ్మాయ్, పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. చదువు రాదు గానీ నాకు గుండెలు వచ్చు. తప్పు చేసిన గుండె దాచినా దాగదు. ఇంట్లో ఒక్కొక్కరిదీ వింటాను. ఆ తర్వాత నువ్వే తీర్పు చెప్పు."

పెద్ద డాక్టరుగారు రిటైరవుతూ ఇచ్చిన స్టెతస్కోపుని నా పెట్టె అడుగునుంచి తీశాను. చెవుల్లో పెట్టుకోగానే దడదడమని ఒకటే చప్పుడు. పాత గొట్టం కదా, సర్దుకోడానికి కాసేపు పట్టింది.

మనవరాలు గడియారం పట్టుకుంది. పావు నిమిషం లెక్కపెట్టడం నా వంతు, దాన్ని నాలుగుతో గుణించడం దాని వంతు. నాకు ఎక్కాలు రావు.

ముందు బస్తా. నిమిషానికి ఎనభై.

కోడలు గొట్టం లాక్కుని తనూ విన్నది. "చూశారా అత్తయ్యా! కాసేపు పరుగు, కాసేపు నడక. దొంగ గుండె కాకపోతే ఇలా తడబడుతుందా?"

"కుక్క గుండె తీరే అంత. ఊపిరి పీలిస్తే పరుగెడుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. నిమ్మళంగా ఉన్న కుక్కకే ఆ తేడా. భయపడిందా, ఇక ఒకటే పరుగు."

"తప్పు చేశానని తెలిస్తే కదా అది భయపడడానికి?"

"తప్పు తెలియకపోవచ్చు, నువ్వు తెలుసు కదమ్మా! మొన్న నీ చెప్పు కొరికినప్పుడు నీ గొంతు వినగానే నా ఒళ్ళో దూరింది. చెయ్యి పెట్టి చూస్తే దాని గుండె కుందేలై గెంతుతోంది."

కోడలు మూతి ముడిచి గొట్టం నా చేతికిచ్చేసింది.

తర్వాత పిల్లి. పేరు ఇంజను. ఆ గురగురలో గుండె వినపడి చస్తేనా! ఆసుపత్రిలో చేసినట్టే కుళాయి తిప్పించాను. నీళ్ళ చప్పుడుకి గురగుర ఆపి చెవులు రిక్కించింది. నూట అరవై! మనకైతే మంచం పట్టాల్సిన లెక్క, పిల్లికి మామూలే. ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ గుండెకి తొందరెక్కువ. గుర్రం గుండె నిమిషానికి నలభైకి అటూ ఇటూ, అంతే. అదే పంజరంలో పిట్టదైతే, నేను "ఒకటి" అనేలోపు అది నాలుగు కొట్టేస్తుంది.

మనవరాలిది ఏడ్చి ఏడ్చి నూటపన్నెండు. కోడలిది కోపంతో తొంభైయారు.

అప్పుడు చూశాను, నా కొడుకు మెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు.

"ఒరేయ్, ఎక్కడికి?"

"పాలు తెద్దామని..."

"పాలు బోలెడున్నాయి. మీరిలా రండి," అంది కోడలు.

గొట్టం పెట్టాను. పావు నిమిషానికి ముప్పైమూడు. మనవరాలు గుణించి కళ్ళు పెద్దవి చేసింది. "నూట ముప్పైరెండు! నాన్నా!"

మావాడికి చెమటలు పట్టాయి. "చెర్రీ తిన్నా. ఒట్టు, చెర్రీ ఒక్కటే! నేను వెళ్ళేసరికే కేకుకి ఆ పక్క లేదు!"

"ఓహో, చెర్రీ తిని చేతులు కట్టుకుని కూర్చున్నారా? ఈ అబద్ధాలు ఎవరి పోలికో!" అంది కోడలు.

"పోనీలే అమ్మాయ్," అన్నాను. "ఒప్పుకున్నాడు, అదే పదివేలు."

సాయంత్రం కోడలి అన్నయ్య కేకు తిని ఒక్కడే బండెక్కి వెళ్ళాడు. మావాడికి నెల్లాళ్ళు గిన్నెలు తోమే శిక్ష పడింది. కోడలు మొదటి ముక్క నాకే తెచ్చింది. "తీపి తినకూడదని డాక్టరు చెప్పినా, ఈ ఒక్కరోజుకి పరవాలేదు అత్తయ్యా. మీ చెవులకి దణ్ణం పెట్టాలి."

కడుపు నిండుగా ఉందని చెప్పి, ఆ ముక్క బస్తాకి వేయించాను. దాని తోక రాత్రిదాకా ఆగలేదు.

మావాడు ఇప్పటికీ "ఒక్క చెర్రీయే!" అంటాడు. ఇల్లంతా పగలబడి నవ్వుతుంది.

ఈ కథ గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకీ చెప్పండి, పక్కింటి పిల్లలకీ చెప్పండి, మా కోడలి చెవిన మాత్రం వేయకండి. ఆ రోజు ఇంట్లో అందరి గుండెల మీదా తిరిగిన ఆ గొట్టాన్ని, నా గుండె మీద కూడా ఓసారి పెట్టి చూడాలని ఒక్కరికీ తోచలేదు.